పొట్టు రాలిన గింజ

112వ ఏడు, 41వ రోజు

గింజ గదిలోని పెద్ద పుస్తకంలో అంకెలు తప్ప మరో మాట రాయకూడదు. ఇవాళ నాకు మరో మాట రాయాలని ఉంది. అందుకే తోటవాళ్ళ దగ్గర పడి ఉన్న పాత విత్తనాల పుస్తకం అడిగి తెచ్చుకుని, వెనక మిగిలిన ఖాళీ పేజీల్లో ఇది మొదలుపెడుతున్నాను. నా పేజీకి ముందు పేజీలో ఎవరో ‘గోంగూర, ఎర్ర కాడ, మొలకెత్తలేదు’ అని రాసి వదిలేశారు.

ఉదయం కాపలా మారే వేళకి వెళ్ళేసరికి నూకరాజు బాబాయి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ దవడ వాచిపోయింది, నోటి నిండా దూది. నిన్న పన్ను పీకించుకున్నాడు. నన్ను చూసి లేచి, పుస్తకం మీద గుడ్డ సర్ది, చేత్తోనే వెళ్తున్నానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ గదిలో నేను పనిచేస్తున్న పదకొండేళ్ళలో ఆయన అంకె చెప్పకుండా దిగడం ఇదే మొదటిసారి.

మా పద్ధతి ఇది. దిగే మనిషి కొలబద్ద చూసి ఎడమ పేజీలో అంకె రాసి, దాని మీద గుడ్డ కప్పాలి. ఎక్కే మనిషి ఆ అంకె చూడకుండా, తన కళ్ళతో కొలబద్ద చూసి కుడి పేజీలో రాయాలి. ఆ తర్వాతే గుడ్డ తీయాలి. న్యూట్రాన్ల దెబ్బకు అడ్డుగోడకి అవతల, గింజ దగ్గర, ఏ యంత్రమూ వారం బతకదు కాబట్టి, మా ఊరు మంచువలస కట్టినవాళ్ళు కొలబద్ద మీద వెలుగు చుక్క వేసే అద్దాన్నీ, మనిషి కంటినీ నమ్ముకున్నారు. గుడ్డ వాళ్ళు పెట్టిన నియమం. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, దీవించినట్టుగా, “నలభై రెండు, సల్లగా ఉంది” అనడం మాత్రం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పేజీకి గుడ్డ కప్పుతాం, నోటికి కప్పం. అది తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఇవాళ ఏమీ వినకుండా కొలబద్ద చూశాను. వెలుగు చుక్క ముప్ఫై ఆరు మీద ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ముప్ఫై ఆరే. అప్పుడు గుడ్డ తీశాను. ఎడమ పేజీలో బాబాయి చేతిరాత, 42. కుడి పేజీలో నేనూ 42 రాశాను.

రాసి గుడ్డ తీయాల్సింది, తీసి రాశాను. నాకు నలభై ఆరేళ్ళు. రెండేళ్ళుగా చత్వారం. ఆయన కళ్ళు నా కళ్ళకన్నా నమ్మదగినవని అనుకున్నాను. సాయంత్రందాకా అలాగే అనుకుంటూ ఉన్నాను.

42వ రోజు

బాబాయి వాపు తగ్గింది. తలుపు దగ్గర ఆగి, “నలభై రెండు. సల్లగా ఉంది తల్లీ” అన్నాడు, కొంచెం నత్తిగా.

చూశాను. చుక్క నలభై రెండు మీద ఉంది. అటూ ఇటూ కాదు, సరిగ్గా గీత మీద.

ప్రాణం కుదుటపడింది. కాసేపటికి ఆ కుదురు మళ్ళీ పోయింది. నిన్నటిది నా కళ్ళ తప్పయితే, ఇవాళ అదే కళ్ళు ఎలా బాగుపడ్డాయి?

43వ రోజు

చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాను. చెవి పోటు అని చెప్పాను. బాబాయి నవ్వాడు. దూది అడ్డం ఉన్నా దగ్గరగా నిలబడి గట్టిగా అరిచాడు కాబట్టి ఆ ముక్క మాత్రం వినిపించింది.

“నా పంటికి పెట్టిన దూది నీ సెవిలోకి ఎప్పుడు పోనాదే!”

తర్వాత తలుపు దగ్గర ఆగాడు. నేను వీపు తిప్పుకుని నిలబడ్డాను, పెదవులు కూడా చూడకుండా.

ముప్ఫై అయిదు.

తర్వాత దూరదర్శినిలోంచి గింజనే చూశాను. ఏడాదికి ఒకసారి కూడా చూడం, చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి. ధూళి కణమంత ఉంటుంది. తూకం మాత్రం తొమ్మిది వందల డెబ్భై కిలోల పైమాట. గాలి తీసేసిన పాత్రలో, రెండు పళ్ళేల మధ్య, విద్యుత్తు పట్టు మీద వేలాడుతూ ఉంటుంది. దీపం వేస్తే సూదిమొనంత మెరుపు కనిపించాలి. కనిపించింది, కానీ బూడిద రంగులో. దాని వెనక ఉన్న అడ్డతీగ, మెరుపు చాటున ఉండాల్సిన తీగ, గింజలోంచి కనబడింది.

పెద్ద పుస్తకంలో 42 రాశాను. కళ్ళకు కనిపించింది కాకుండా రాయడం ఇది రెండోసారి. ఈ పుస్తకంలో మాత్రం నిజం రాస్తున్నాను, 35.

45వ రోజు

కింది వరస ఇళ్ళకి వెళ్ళి తవిటమ్మ పిన్నిని చూసి వచ్చాను. నూకరాజు బాబాయి భార్య. పదేళ్ళుగా ఆమె ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి. గింజ గది వేడి నీళ్ళ గొట్టాలు ముందు ఆ వరసలోంచే పోతాయి కాబట్టి ఆమెకు అక్కడ మంచం ఇచ్చారు. ఆ వెచ్చదనంలో కూర్చుని మాట్లాడుతూ ఉంటుంది.

“ఏటే వేణమ్మా, మొకం అలా ఎలిసిపోనాది? ఆ గదిలో ఆ ముసిలోడితో ఉంటే ఎలవదేటి మరి!”

మందులిచ్చే డాక్టరు పోయినేడు నాతో చెప్పిన మాట మర్చిపోలేదు. చల్లగాలి తగిలితే ఆమె నెలే బతుకుతుంది, ఆకాశంలోకి ఎగిరే పడవ ఎక్కితే, పైకి లేచే ఆ ఒత్తిడికి అరగంట కూడా బతకదు.

ఎందుకు రాస్తున్నానంటే, పెద్ద పుస్తకం మొదటి పేజీలో రెండు నియమాలు ఉన్నాయి. అంకె ముప్ఫై లోపు దిగిందని రెండు చేతులూ ఒకేరోజు రాస్తే గింజకి వేసే న్యూట్రాన్ల మేత, ఊరికి వేడినిచ్చే మేత, ఆపాలి. మేత ఆపాక గింజ తూకం పెరిగిందని రెండు చేతులూ రాస్తే గంట కొట్టాలి. గంట మోగితే ఊరు ఊరంతా పడవలెక్కి పైకి వెళ్ళిపోవాలి. మధ్యలో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పిన్ని నాకు అరిసె ముక్క పెట్టింది. తిన్నాను.

47వ రోజు

వంటశాల అచ్చియ్యమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ఎప్పుడూ ఈ గదిలోకి రాలేదు. ఊరు బాగుందనడానికి అందరూ నలభై రెండంటారు కానీ, అది ఈ కొలబద్ద మీది గీత అని ఆమెకు తెలియదు.

“ఆ వెలుగు ఏ గీత మీదుందో చెప్పు, అంతే,” అన్నాను.

“ఓలమ్మ, దీనికేనేటి పప్పు పొయ్యి మీద ఒగ్గీసి రమ్మన్నావు?” కళ్ళు చికిలించి చూసింది. “ముప్ఫై మూడు.”

దూరదర్శిని చూపించాను. చాలాసేపు చూసింది.

“ఇందులో ఏటీ నేదమ్మా. ఖాళీ గాజే. దీన్నేటి కాపలా కాస్తన్నారు మీరు ఇన్నేళ్ళూ?”

ఇవాళ పుస్తకంలో 33 రాశాను. గుడ్డ తీశాను. ఎడమ పేజీలో 42. నియమం ప్రకారం అంకెలు కలవకపోతే పక్కన చిన్న సున్నా చుట్టాలి. నూట పన్నెండేళ్ళ పుస్తకాల్లో నేను చూసినంతలో ఒక్క సున్నా లేదు. చుట్టాను.

48వ రోజు

సున్నా చూసి బాబాయి టీ కాచాడు. రెండు గ్లాసులు పెట్టాక అడిగాడు.

“నాకు కళ్ళు పోనాయంటావా?”

“ఉదయం నువ్వు దిగుతూ నలభై రెండంటావు. సాయంత్రం నేను దిగుతూ నీకేం చెప్తాను బాబాయ్?”

“నలభై రెండు.”

“నేనెక్కడ విన్నాను ఆ అంకె?”

గ్లాసు కింద పెట్టాడు. “నా కాడే.”

“మొట్టమొదట నీకెవరు చెప్పారు?”

“మా అయ్య. మా అయ్యకి ఆల మావ.” గ్లాసు పక్కకి నెట్టాడు. “అయితే మాత్రం? నాను సూసి రాస్తన్నాను. ఒట్టినే రాయట్లేదు. సూస్తే అక్కడే ఉంటాది.”

“నాకూ అక్కడే ఉంటుంది, నువ్వు చెప్పిన రోజున. చెప్పని రోజున ఉండదు.”

ఆ మాట పైకి అన్నాక గది నిజంగానే చల్లబడినట్టయింది. మసక వల్ల ఒక గీత అటూ ఇటూ పొరబడొచ్చు. తొమ్మిది గీతలు పొరబడలేం. దీనికి నా చదువులో జవాబు లేదు.

చదువులో జవాబు ఉన్నది ఇంకోదానికి. అది ఆయనకు చెప్పాను. గింజలో ఉన్నది అణువులు కాదు, అణువుల లోలోపలి కణాలు, క్వార్కులు. మూడు రకాలు, ఒక్కో రకంలో మూడు రంగులు. రంగులంటే పేరుకే రంగులు. మన గింజలో ఆ మూడు రకాలూ సమానంగా లేవు. ఆ తేడా సరిపెట్టడానికి బయట ఎలక్ట్రాన్ల పొర ఒకటి ఉంది. మనం పొట్టు అంటున్నది అదే. ఆ పొట్టులోంచి కొన్నిటిని లాగేసి, మిగిలిన విద్యుదావేశాన్ని పట్టుకుని గింజను వేలాడదీశాం. కొలబద్ద చూపించేది ఆ పట్టునే. దీపానికి మెరిసేది ఆ పొట్టే. మామూలు పదార్థాన్ని గింజ దగ్గరికి రానివ్వకుండా నెట్టేదీ ఆ పొట్టు కింది ఆవేశమే. న్యూట్రాన్లకు ఆవేశం లేదు కాబట్టి అవి మాత్రం లోపలికి పోతాయి.

“ఇంకో స్థితి ఉంది బాబాయ్. థింసా ఆడేవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు చేతులు వేసి నడుములు పట్టుకుంటారు చూడు, అలా మూడు రకాలూ, మూడు రంగులూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అప్పుడు మూడూ సమానం. బయట ఎలక్ట్రాన్లతో పని లేదు. పొట్టు రాలిపోతుంది. వెలుగు కూడా దాని గుండా పోతుంది, గాజులోంచి పోయినట్టు. పెరిగేకొద్దీ అలా అయ్యే అవకాశం ఉందని పుస్తకాల్లో ఉంది. మనం రోజుకో గ్రాము పెడుతూనే ఉన్నాం, నూట పన్నెండేళ్ళుగా.”

“పొట్టు పోతే?”

“పట్టు పోతుంది. ఆ తర్వాత దేన్నయినా, గోడల్నీ మననీ కూడా, లోపలికి రానిస్తుందేమో. కొందరు రానివ్వదంటారు. నాకు తెలియదు.”

“తెలీని దానికి మేత ఆపేమంటావా?” ఆయన గొంతు పెరిగింది. “మేత ఆపితే కింది వరస సల్లబడిపోద్ది. దానికి ఊపిరేదే? దాని సేతి అరిసె తిన్నావు కదేటి మొన్న!”

సాయంత్రం దిగేటప్పుడు ఏ అంకే చెప్పకుండా దిగాను. ఇకపై చెప్పను.

50వ రోజు

బాబాయి తలుపు దగ్గర ఆగి, ఎన్నడూ లేనంత గట్టిగా, “నలభై రెండు! సల్లగా ఉంది!” అన్నాడు. దూది పెట్టుకున్నా వినబడింది.

చుక్క నలభై రెండు మీద కనిపించింది. ఇవాళ నేను ఏమీ రాయలేదు. కుడి పేజీ ఖాళీగా ఉంది.

నేను తప్పయితే? చత్వారం ఉన్న మనిషి, చెవుల్లో దూది కుక్కుకుని, వంటమనిషిని సాక్ష్యం తెచ్చుకుని, సగం ఊపిరితో ఉన్న ఆవిడ మంచం కింద వేడి తీసేయాలని చూస్తోంది. బయట నుంచి చూస్తే నేను అలాగే కనబడతాను. లోపల నుంచి చూసినా అలాగే కనబడుతున్నాను.

53వ రోజు

ఉదయం బాబాయి నోటి నిండా దూది ఉంది. పంటి గాయం ఎప్పుడో మానిపోయింది. నా వైపు చూడకుండా, పుస్తకం మీద గుడ్డ సర్ది, తలుపు దగ్గర ఆగకుండా వెళ్ళబోయి, బయట నడవలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నేను చూశాను. ఇరవై తొమ్మిది. రాశాను. గుడ్డ తీశాను.

29.

బయటికి వెళ్ళాను. నోట్లో దూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

“మూడు దినాలై నీ నోటి మాట నేకుండా, నాను కూడా ఆ అంకె అనకుండా సూస్తన్నాను,” అన్నాడు. “మొదటి దినం ముప్ఫై ఒకటి. నీ మీద కోపంతో నలభై రెండు రాసీసినాను. ఇక సేతకాదు.”

ఇద్దరం కలిసి ఊరి పెద్ద గౌరీశ్వరి గారి దగ్గరికి వెళ్ళాం. ఆమె రెండు పేజీలూ చూసి, సున్నా చూసి, నన్ను చూశారు.

“తప్పయితే ఏమవుతుంది వేణీ?”

“మళ్ళీ తెరుస్తాం.”

“తప్పు కాకపోతే?”

“ఇప్పటికే ఆలస్యం.”

మేత తలుపు మూశాం. చక్రం బాబాయే తిప్పాడు. ఆ తర్వాత వారపు తూకం వేశాం. పట్టు పళ్ళేలు మాత్రమే త్రాసుకి వేలాడతాయి, పాత్ర వేరు, కాబట్టి ఆ త్రాసు తూచేది గింజను మాత్రమే. 971 కిలోల 406 గ్రాములు. ఇద్దరం విడివిడిగా చూశాం, విడివిడిగా రాశాం, ఎవరమూ నోరు విప్పలేదు.

55వ రోజు

గోడల్లో మిగిలిన వేడి ఒకటిన్నర రోజు వస్తుందని నా లెక్క. ఆ లోపే తవిటమ్మ పిన్నిని మంచంతో సహా వంటశాలలోకి, పొయ్యిల పక్కకి మార్చాం. పొయ్యిలకు పడవల్లోని బ్యాటరీలు తగిలించారు. వచ్చిన గంటలోనే పిన్ని, అచ్చియ్యమ్మ వేసిన తాలింపుకి వంక పెట్టింది.

“ఆ ఆవాలు సిటపటలాడక ముందే సింతపండు పోసీసినావు. ఎవుడు నేర్పినాడే నీకు?”

“నువ్వు దగ్గడానికొచ్చినావా, వంట నేర్పడానికొచ్చినావా పెద్దమ్మా?”

“రెండూ సేస్తాను, ఉండు.”

నవ్వాం. అందరం శాలువాలు కప్పుకుని చలి కోసం ఎదురు చూస్తున్నాం.

57వ రోజు

చలి రాలేదు.

కింది వరస గొట్టం మీద చెయ్యి పెట్టాను. ముందు ఎంత వెచ్చగా ఉండేదో అంతే ఉంది. థర్మామీటరు పెట్టాను. ముప్ఫై ఎనిమిది. మేత వేసిన రోజుల్లోనూ ముప్ఫై ఎనిమిదే.

మేత తలుపు చూశాను. మూసే ఉంది. మైనం ముద్ర అలాగే ఉంది. మేత గొట్టంలోకి ఊది చూశాను, ఖాళీ.

58వ రోజు

ఊళ్ళో పండగలా ఉంది. శాలువాలు తీసేశారు. గౌరీశ్వరి గారు అందరి ముందూ నా భుజం తట్టారు. “గోడలు ఎంత వేడి దాచుకున్నాయో చూశావా! మన పెద్దవాళ్ళు గట్టిగా కట్టారు.”

గోడలు అంత దాచుకోలేవు. ఆ మాట అనబోయాను. అదే సమయానికి తవిటమ్మ పిన్ని, బాబాయి చెయ్యి పట్టుకుని, వంటశాల నుంచి కింది వరస దాకా తన కాళ్ళతో నడిచి వచ్చింది. పదేళ్ళ తర్వాత. వరసలో వాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బాబాయి కొట్టలేదు. ఆమె చెయ్యి వదలాలి కదా, అందుకని అనుకున్నాను. తర్వాత ఆయన ముఖం చూశాను. అందుకు కాదు, గోడల మాట ఆయనా నమ్మలేదు.

60వ రోజు

వారపు తూకం.

ముందు కొలబద్ద చూశాను. ఇరవై మూడు. దూరదర్శినిలో అడ్డతీగ స్పష్టంగా, పూర్తిగా, ఏ అడ్డమూ లేకుండా కనబడింది. అక్కడ ఏమీ లేదు. అక్కడ దాదాపు టన్ను బరువు వేలాడుతోంది.

తర్వాత త్రాసు. మూడుసార్లు తూచాను. కళ్ళజోడుతో, కళ్ళజోడు లేకుండా, గాజు కళ్ళకానించి.

971 కిలోల 413 గ్రాములు.

ఏడు రోజులు. ఏడు గ్రాములు. పాత్రలో మిగిలిన గాలి తింటోందో, గోడల నుంచి ఊడిన అణువులు తింటోందో తెలియదు. నన్ను భయపెట్టింది తినడం కాదు. ఎక్కువా తినలేదు, తక్కువా తినలేదు. రోజుకొక గ్రాము, మేం అలవాటు చేసినంత.

కుడి పేజీలో రాసి గుడ్డ కప్పాను. ఇవాళ బాబాయి ఎక్కే మనిషి కాదు, అయినా రెండో చెయ్యి ఆయనదే. పిలిపించాను. పిన్ని బంతి పువ్వు రంగు చీర కట్టుకుందనీ, గదిలో నాలుగుసార్లు తిరిగిందనీ చెబుతూ వచ్చాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. నేను అంకె చెప్పలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

త్రాసు రాళ్ళు మార్చిన చప్పుడు వినిపించింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆయన 406 రాస్తే అంకెలు కలవవు, గంట మోగదు, పిన్ని చీర మీద మడత నలగదు. రాయమని నేను అడగలేను. రాయొద్దని కూడా అడగలేను. వెనక్కి తిరిగి చూడాలని ఉంది. తిరగలేదు.

కలం గీసిన చప్పుడు.

గుడ్డ తీశాను. 413. చేతిరాత కొంచెం పెద్దదిగా ఉంది, పిల్లలు జాగ్రత్తగా రాసినట్టు.

“పడవలో దాని పక్కన కూసుంటాను,” అన్నాడు. “అరగంట అన్నాడు కదేటి డాక్టరు. అరగంట మాటాడుకుంటాం.”

నేను గంట తాడు దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు దగ్గర ఆగాడు, ఎప్పుడూ ఆగే చోట.

“ఒక్కసారి అననీ తల్లీ. సివరాకరికి.”

“అను బాబాయ్.”

“నలభై రెండు,” అన్నాడు. “సల్లగా ఉంది.”

తల తిప్పి కొలబద్ద చూశాను. చుక్క నలభై రెండు మీద ఉంది, గీతకి సరిగ్గా, ఏ మసకా లేకుండా, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత వెలుగుగా.

దాన్నే చూస్తూ గంట తాడు లాగాను.